పవర్ ఉన్న కార్లలో క్లచ్ ఎన్నాళ్లు వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా బావదీ నాదీ ఒకే మోడల్ కారు. టర్బో పెట్రోల్, 6 గేర్ల మాన్యువల్, రెండు నెలల తేడాతో కొన్నాం. బావ నెమ్మదైన మనిషి, 2500 ఆర్‌పీఎం దాటించడం నేనెప్పుడూ చూడలేదు. నేను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే తొక్కుతాను, వీలు చిక్కినప్పుడు రేస్ ట్రాక్‌కి కూడా తీసుకెళ్తాను. అందరూ నా క్లచ్ ముందు పోతుందన్నారు. పోయింది బావది, 41 వేల కిలోమీటర్లకే. నాది 78 వేలు దాటింది, ఇంకా కంపెనీ నుంచి వచ్చిన క్లచ్ ప్లేటే నడుస్తోంది. అప్పటి నుంచి చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు టర్బో కారు కొన్నా నన్నే అడుగుతున్నారు. ఎక్కువగా అడిగేవి ఇవీ.

సూటిగా చెప్పండి, ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

నేను దగ్గర నుంచి చూసిన కార్లలో హైవే మీదే ఎక్కువ తిరిగేవాటికి లక్ష దాటినా ఏమీ కాలేదు. రోజూ సిటీ ట్రాఫిక్‌లో తిరిగేవి 50 నుంచి 80 వేల మధ్య మార్పించుకున్నాయి. ఎడమకాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉండేవాళ్లకి 30 వేలకే పోవడమూ చూశాను. అదే కారుని ఇంజిన్ పైకి లేపి, ఒక్కసారిగా క్లచ్ వదిలి దూకించే లాంచ్‌లు వరసగా చేస్తే ఒక్క సాయంత్రంలోనే ప్లేట్ కాల్చేయొచ్చు. ఇంత తేడా ఉన్నప్పుడు సగటు చెప్పడంలో అర్థం లేదు. క్లచ్‌కి కిలోమీటర్లు తెలియవు, ఎంతసేపు జారిందో అదే తెలుసు.

జారడం అంటే? క్లచ్ నొక్కిన ప్రతిసారీ అరుగుతుందా?

అరగదు. పెడల్ పూర్తిగా నొక్కితే ప్లేట్ విడిపోయి ఉంటుంది, పూర్తిగా వదిలేస్తే ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్ చక్రానికీ, దానివైపు నొక్కిపెట్టే ప్రెషర్ ప్లేట్‌కీ మధ్య బిగుసుకుని వాటితో పాటే తిరుగుతుంది. ఈ రెండు స్థితుల్లోనూ అరుగుదల లేదు. మనవాళ్లు హాఫ్ క్లచ్ అంటారే, ఇంజిన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ ఇంకో వేగంతో తిరుగుతూ మధ్యలో ప్లేట్ రాసుకుపోతుండే ఆ క్షణాలే దాని ఆయుష్షుని తింటాయి. గంటకి 120లో ఔటర్ మీద శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ దాకా వెళ్తే దారి పొడవునా క్లచ్‌కి అరుగుదలే లేదు. అదే సాయంత్రం ఆరు గంటలకి గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లికి వస్తే కొన్ని వందలసార్లు జారుతుంది. మీటర్ మీద మాత్రం పదిహేను కిలోమీటర్లే పడతాయి.

పవర్ ఎక్కువున్న కారులో క్లచ్ త్వరగా పోతుంది కదా?

అందరూ ఇక్కడే పొరబడతారు. ఇంజిన్ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, తట్టుకునే బిగువుతోనే కంపెనీ క్లచ్ పెడుతుంది, 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్‌కి 150కి సరిపోయేది పెట్టరు. ప్లేట్‌ని చంపేది వేడి. ఆ వేడి ఎంతో మనమే లెక్క వేసుకోవచ్చు, ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చాలు.

1300 కిలోల కారు అనుకోండి, ఫస్ట్ గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 15 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆర్‌పీఎంని 2000 దగ్గరే ఉంచి, ఆగి ఉన్న కారుని క్లచ్ వదులుతూ కదిలిస్తే, ప్లేట్ పూర్తిగా పట్టేసరికి కారులో ఎంత గతిశక్తి చేరిందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. అది సుమారు 11 కిలోజౌళ్లు. 4000 దగ్గర పట్టుకుని వదిలితే వేగం రెండింతలు కాబట్టి వేడి నాలుగింతలు, అంటే 45. సెకండ్ గేర్‌లో కదిలిస్తే, చాలా కార్లలో గేర్ నిష్పత్తిని బట్టి మూడింతల పైనే.

సెకండ్ గేర్ సంగతి ఎందుకు చెప్పానంటే బావ అలవాటు అదే. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు దాదాపు ఆగిపోతుంది, ఫస్ట్‌కి దించడం బద్ధకం, సెకండ్‌లోనే హాఫ్ క్లచ్‌తో లాగిస్తాడు. వాళ్ల కాలనీ గేటు నుంచి మెయిన్ రోడ్డుకి వచ్చేలోపు ఏడు స్పీడ్ బ్రేకర్లు.

ఫ్లైఓవర్ ఎక్కేచోట బ్రేక్ వేయకుండా క్లచ్, యాక్సిలరేటర్‌తో కారుని నిలబెడతాను. అది తప్పా?

మానేయండి, ఈ రోజే. ఇన్ని ప్రశ్నల్లో దీని గురించే నాకు ఎక్కువ బాధ. చాలామంది దీన్ని డ్రైవింగ్ నైపుణ్యం అనుకుంటారు, డ్రైవింగ్ స్కూళ్లలో కూడా అలాగే నేర్పిస్తారు.

పదికి ఒకటి ఎత్తు పెరిగే వాలు మీద అదే 1300 కిలోల కారుని 1500 ఆర్‌పీఎంలో హాఫ్ క్లచ్‌తో నిలబెడితే ప్లేట్ దగ్గర దాదాపు 4 కిలోవాట్ల వేడి పుడుతుంది. మన బాత్‌రూముల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు రెండు ఒకేసారి ఆన్ చేసినట్టు! అదీ నీళ్లు లేకుండా, క్లచ్‌ని మూసి ఉంచే బెల్ హౌసింగ్ లోపల గాలి సరిగ్గా ఆడని చోట. ఒక్క నిమిషం అలా నిలబెడితే 240 కిలోజౌళ్లు. అంటే మామూలుగా ఇరవైసార్లు కారు కదిలించినంత వేడి, కారు అంగుళం కదలకుండానే పుడుతుంది. ప్లేట్ మీద ఉండే రాపిడి పొర, అంటే మామూలు ఆర్గానిక్ ఫేసింగ్, 250-300 డిగ్రీలు దాటిందంటే పట్టు తగ్గిపోతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది.

హ్యాండ్ బ్రేక్ లాగండి, లేదా కాలితో బ్రేక్ తొక్కి ఉంచండి. కదిలేటప్పుడు క్లచ్ పట్టుకోవడం మొదలయ్యాక హ్యాండ్ బ్రేక్ వదలండి. హిల్ హోల్డ్ ఉన్న కార్లలో బ్రేక్ వదిలాక రెండు సెకన్ల పాటు కారు వెనక్కి జారదు, అలవాటైతే ఆ టైమ్ చాలు. వెనక కారువాడు అతుక్కుని నిలబడ్డాడని టెన్షన్ పడి యాక్సిలరేటర్ తొక్కేస్తాం మనం. రెండు రోజులు ఖాళీ రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తే ఆ టెన్షన్ పోతుంది.

బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో వేరే దారేముంది?

ముందు కారు అడుగు కదిలితే మనమూ అడుగు కదలడం మానాలి. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చాక ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా కారుని దాని మానాన పోనివ్వండి. ఇప్పటి టర్బో పెట్రోల్ ఇంజిన్లు ఐడిల్ మీదే ఆగిపోకుండా లాగుతాయి, ఆరేడు కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. పదిసార్లు జారాల్సిన క్లచ్ ఒక్కసారే జారుతుంది.

సిగ్నల్ దగ్గర టైమర్ 20 పైన ఉంటే న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. పెడల్ నొక్కి కూర్చుంటే ప్లేట్ అరగదు కానీ ప్రెషర్ ప్లేట్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్ ఆ సేపంతా బరువు మీద తిరుగుతూ ఉంటుంది. బేరింగ్ చిన్నదే, కానీ దాన్ని మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే.

ఖాళీ వదిలితే ఆటో దూరిపోతుంది కదా!

దూరనివ్వండి. ఐకియా దగ్గర నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాకా నేను చాలా రోజులు గమనించాను. ఖాళీ వదిలినప్పుడు రెండు ఆటోలు, నాలుగు బైకులు ముందుకెళ్తాయి, వదలనప్పుడూ సిగ్నల్ నాకు అదే వంతులో పడుతుంది.

ఘాట్ రోడ్లు క్లచ్‌కి చెడ్డవా?

కదిలే ఘాట్ చెడ్డది కాదు. తిరుమల ఎక్కే దారి మీద మలుపు మలుపుకీ గేర్ మారుస్తారు, అవన్నీ పొట్టి పొట్టి జారుళ్లు. అలిపిరి చెకింగ్ దగ్గర లైన్లో గజం గజం జరగడం కొండ ఎక్కడం కన్నా ఎక్కువ అరగదీస్తుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్లేటప్పుడూ అంతే, రోడ్డు ఖాళీగా ఉంటే హాయి, లాంగ్ వీకెండ్‌లో వాలు మీద ట్రాఫిక్ ఆగిందంటేనే కష్టం. మలుపుల్లో కారు గింజుకుంటుంటే హాఫ్ క్లచ్‌తో లాగించకుండా ఒక గేర్ దించండి.

ఘాట్ కన్నా ప్రమాదం మన అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపులు. నిటారుగా ఉంటాయి, పైన వాచ్‌మన్ గేటు తీసేదాకా మధ్యలో ఆగాలి, పైగా పొద్దున్నే చల్లటి ఇంజిన్. బావ వాళ్లది రెండో సెల్లార్. ఫోన్ చేసి గేటు తీయించుకున్నాకే కింద నుంచి బయల్దేరమని చెప్పాను, కొత్త క్లచ్ వేయించాక పాటిస్తున్నాడు. రివర్స్‌లో ర్యాంప్ ఎక్కడం అన్నిటికన్నా దారుణం, రివర్స్‌లో మనం ఎవరమూ క్లచ్ పూర్తిగా వదలం.

ట్రాక్ డేకి తీసుకెళ్తే క్లచ్ పోతుందా?

బాగున్న క్లచ్ పోదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్ల లూప్. పిట్ నుంచి ఒక్కసారి బయల్దేరతారు, ఆ తర్వాత సెషన్ అంతా గేర్ మార్పులే. ఒక్కో మార్పులో క్లచ్ జారేది అర సెకను కూడా ఉండదు. 6000 ఆర్‌పీఎంలో సెకండ్ నుంచి థర్డ్‌కి వేస్తే జారుడులో పోయేది ఇంజిన్ తిరుగుడులో ఉన్న శక్తిలో కొంతే, నా లెక్కలో 3 కిలోజౌళ్లకి అటూ ఇటూ. ఫ్లైఓవర్ వాలు మీద నిమిషం నిలబెట్టినదానితో పోలిస్తే అలాంటి మార్పులు 80 చేయొచ్చు. ట్రాక్‌లో తినేసేవి బ్రేక్ ప్యాడ్లు, టైర్లు. క్లచ్ వైపు చూసుకోవాల్సింది ఫ్లూయిడ్ ఒక్కటే. చాలా కార్లలో బ్రేక్‌కీ క్లచ్‌కీ ఒకటే డబ్బా, పాతబడి నీరు పీల్చిన ఫ్లూయిడ్ వేడికి బుడగలు కడితే క్లచ్ పెడల్ కూడా మెత్తబడి కిందే ఉండిపోతుంది. ట్రాక్‌కి ముందు ఫ్లూయిడ్ మార్పించండి, మామూలుగానైతే రెండేళ్లకోసారి.

మరి లాంచ్‌లు, డ్రాగ్ రేసులు?

అది వేరే కథ. ముందు చెప్పిన లెక్కలో 4000 దగ్గర వదిలితే ఒక్కోసారికి 45 కిలోజౌళ్లు అన్నాను కదా, వరసగా ఐదు చేస్తే మధ్యలో చల్లారే టైమ్ ఉండదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఒక అదృష్టం ఉంది. టైర్లు పట్టు తప్పి తిరిగిపోతాయి, అప్పుడు వేడి టైర్లకి పోతుంది, క్లచ్ బతికిపోతుంది. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే కార్లలో టైర్ జారదు, కాబట్టి జారాల్సినదంతా క్లచ్చే జారాలి. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, మిత్సుబిషి ఎవో నడిపేవాళ్లు క్లచ్‌ల గురించి అంతగా మాట్లాడుకోవడానికి కారణం ఇదే.

నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 2007 చివర్లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, డ్యూయల్ క్లచ్, ఆల్ వీల్ డ్రైవ్. ట్రాక్షన్ కంట్రోల్ ఆపి లాంచ్‌లు చేస్తే కొన్ని కార్లలో గేర్‌బాక్సులే దెబ్బతిన్నాయి, అమెరికాలో వారంటీ గొడవలయ్యాయి, తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి లాంచ్ ఆర్‌పీఎం తగ్గించింది. క్లచ్ తట్టుకుంటే ఆ దెబ్బ దాని వెనక ఉన్నదాని మీద పడుతుంది.

చేయాలనే ఉంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఒకటి చేసి పది నిమిషాలు మామూలుగా నడిపి, అప్పుడు ఇంకోటి. పబ్లిక్ రోడ్డు మీద వద్దు.

హీల్ అండ్ టో నేర్చుకుంటే క్లచ్ ఎక్కువకాలం వస్తుందా?

కొంచెం వస్తుంది, చాలా రాదు. హీల్ అండ్ టో అంటే ఒకే కాలితో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ తొక్కుతూ, ఆర్‌పీఎం కలిపి గేర్ దించడం. ఆర్‌పీఎం కలపకుండా గేర్ దించినా జారుడులో పోయేది ఇంజిన్ తిరుగుడు శక్తి మేరకే, ఆ మూడు నాలుగు కిలోజౌళ్లు. నేను నేర్చుకున్నది కారు కుదుపు లేకుండా మలుపులోకి వెళ్లాలని. నేర్చుకోండి, చాలా బాగుంటుంది, కానీ క్లచ్ కోసం మాత్రం ముందు సెల్లార్ ర్యాంప్ అలవాటు మార్చుకోండి.

రీమ్యాప్ చేయిస్తే?

రీమ్యాప్ అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం, ఇక్కడ పవర్ నిజంగా లెక్కలోకి వస్తుంది. కంపెనీ క్లచ్‌కి ఇంజిన్ టార్క్ కన్నా కొంత ఎక్కువ పట్టు ఉంచుతుంది. ట్యూనర్ ఆ మిగులుని తినేస్తాడు. కొత్త ప్లేట్ తట్టుకోవచ్చు, 50 వేలు తిరిగిన ప్లేట్ తట్టుకోకపోవచ్చు. టర్బో ఇంజిన్లలో టార్క్ 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కలే ఒక్కసారిగా వచ్చేస్తుంది, అందుకే ఐదో గేర్లో ఓవర్‌టేక్ చేద్దామని తొక్కినప్పుడు ముందు అక్కడే జారుతుంది. రీమ్యాప్ చేయించుకున్నవాళ్లకి నా సలహా, కింద ఆర్‌పీఎంలో, పై గేర్లో పూర్తిగా తొక్కకండి. ఒక గేర్ దించి తొక్కండి, క్లచ్‌కీ ఇంజిన్‌కీ రెండింటికీ మంచిది.

డీఎస్‌జీ, డీసీటీ కార్లలో క్లచ్ పెడలే లేదు, మా చేతుల్లో ఏముంది?

చాలా ఉంది. ఇవి రెండు క్లచ్‌లని కంప్యూటరే నడిపే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లు, డీఎస్‌జీ అనేది ఫోక్స్‌వ్యాగన్ పెట్టిన పేరు. ముందు మీది నూనె లేని డ్రై క్లచ్చా, నూనెలో ఉండే వెట్ క్లచ్చా తెలుసుకోండి. ఫోక్స్‌వ్యాగన్ 7 గేర్ల డీక్యూ200 డ్రై, 2008లో వచ్చింది, 250 న్యూటన్ మీటర్ల దాకా అని కంపెనీ లెక్క. మన దగ్గర 2020కి ముందు అమ్మిన పోలో జీటీ టీఎస్ఐలో ఉన్నది అదే. ఇప్పటి 1.5 టీఎస్ఐ ఇంజిన్ టార్క్ కూడా సరిగ్గా 250, అంటే రీమ్యాప్‌కి కాగితం మీద మిగులే లేదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 7 గేర్ల డీసీటీ కూడా డ్రై క్లచ్చే. 2017లో వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్‌లో 6 గేర్ల డీక్యూ250, అది వెట్. నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి వేడి నూనెకి పోతుంది, బదులుగా 60 వేల కిలోమీటర్లకి ఆ నూనె మార్చాలి, ఈ ఖర్చు ఎగ్గొట్టకండి.

డ్రై క్లచ్ ఉన్నవాళ్లు బ్రేక్ కొంచెం కొంచెం వదులుతూ అంగుళాల లెక్కన పాకించకండి. మీరు బ్రేక్ సగం వదిలినప్పుడు లోపల కంప్యూటర్ సరిగ్గా బావ చేసే పనే చేస్తుంది, హాఫ్ క్లచ్. పూర్తిగా ఆగండి, లేదా సరిగ్గా కదలండి. మరీ నెమ్మదిగా వెళ్లేచోట ఫస్ట్, సెకండ్ మధ్య ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో ఫస్ట్‌లో ఉంచేయండి. వాలు మీద యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం ఇందులోనూ అంతే నేరం.

ఇంకో మాట. డీఎస్‌జీలో ఏ సమస్య వచ్చినా క్లచ్ పోయిందనేస్తారు. గేర్లూ క్లచ్‌లూ కదిలించే మెకట్రానిక్ యూనిట్ వేరే, క్లచ్ ప్యాక్ వేరే. స్కాన్ రిపోర్ట్ చూడకుండా దేనికీ ఒప్పుకోకండి.

ఫెరారీ, లాంబోర్గినీల్లో క్లచ్ చాలా త్వరగా పోతుందంటారు, నిజమేనా?

స్టీరింగ్ వెనక మీటలతో గేర్ మార్చే పాత ప్యాడిల్ షిఫ్ట్ కార్ల విషయంలో ఆ పేరు ఊరికే రాలేదు. 1997లో ఎఫ్355 ఎఫ్1తో మొదలైన ఫెరారీ పద్ధతి గానీ, గల్లార్డోలో ఈ-గేర్ గానీ లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. ఒకటే క్లచ్, దాన్ని మన కాలికి బదులు హైడ్రాలిక్స్ నొక్కుతాయి. హైవే మీద బ్రహ్మాండం. కానీ పార్కింగ్‌లో, ర్యాంప్ మీద రివర్స్ చేస్తున్నప్పుడు కంప్యూటర్‌కి మనిషి కాలికున్న సున్నితం లేదు, జారిస్తూనే ఉంటుంది. ఒకే మోడల్లో ఒకరికి 10-15 వేల కిలోమీటర్లకే అయిపోతే ఇంకొకరికి దానికి మూడింతలు వచ్చేది, తేడా అంతా వాళ్ల ఇల్లు ఏ వాలు మీద ఉందన్నదే. 458 ఇటాలియా 2009లో, హురకాన్ 2014లో డ్యూయల్ క్లచ్‌తో వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. అవెంటడోర్ మాత్రం చివరిదాకా సింగిల్ క్లచ్‌తోనే నడిచింది. పాతది సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే క్లచ్ ఎంత శాతం అరిగిందో డయాగ్నొస్టిక్ కంప్యూటర్‌లో తీయించి, ఆ కాగితం చేతికొచ్చాకే బేరం మాట్లాడండి.

క్లచ్ అయిపోతోందని ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద ఐదో గేర్లో 2000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి మీటర్లు చూడండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున పైకి లేచి స్పీడ్ అక్కడే ఉంటే జారుతోందన్నమాట. మొదట పై గేర్లోనే కనపడుతుంది, ఫస్ట్ సెకండ్‌లో జారుడు తెలిసిందంటే టైమ్ అయిపోయినట్టే.

పెడల్ పైకి వచ్చాక పట్టుకుంటే అరిగినట్టు అనే మాట కేబుల్ క్లచ్ రోజులది, పాత మారుతిలకి సరిపోతుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో అరుగుదలని సిస్టమే సర్దేసుకుంటుంది, పట్టుకునే చోటు పెద్దగా మారదు. పెడల్ గట్టిపడటం కొన్నిటిలో గుర్తు, కానీ సెల్ఫ్ అడ్జస్టింగ్ రకం ఉన్న కార్లలో అదీ తెలియదు. అందుకే నేను ఐదో గేర్ పరీక్షనే నమ్ముతాను.

పెడల్ నొక్కితే గరగరమనే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్. నొక్కితే ఆగిపోయి వదిలితే వస్తుంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, క్లచ్ కాదు. ఈ తేడా చెప్పకుండా క్లచ్ సెట్ మార్పించుకుని, అదే శబ్దంతో ఇంటికొచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఒకసారి కాలిన వాసన వచ్చింది. పోయినట్టేనా?

ఒక్కసారికి కంగారు పడకండి. ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి న్యూట్రల్‌లో పదిహేను నిమిషాలు వదిలేయండి, తర్వాత నెమ్మదిగా నడపండి. పైపొర మాడి ఉంటుంది, మామూలు డ్రైవింగ్‌లో అది కొట్టుకుపోతుంది. తర్వాత కదిలేటప్పుడు కారు వణుకుతున్నా, వాసన పదే పదే వస్తున్నా చూపించాల్సిందే.

మార్చేటప్పుడు ఏవేవి మార్చాలి? వారంటీలో వస్తుందా?

ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి. ఖర్చులో పెద్ద భాగం గేర్‌బాక్స్ దించి ఎక్కించే లేబర్, ఒక్క ప్లేట్ మార్చి మిగిలినవి వదిలేస్తే ఆర్నెల్లకి మళ్లీ అదే లేబర్. ఫ్లూయిడ్ ఒత్తిడితో బేరింగ్‌ని తోసే స్లేవ్ సిలిండర్, బేరింగ్‌తో కలిసి లోపలే ఉండే రకమైతే అది కూడా. కుదుపులు తగ్గించే రెండు ముక్కల ఫ్లైవీల్, అంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటే చేత్తో అటూ ఇటూ తిప్పి ఆట ఎంతుందో మీ ఎదుటే చూపించమనండి. ఖరీదైన పార్టు, బాగుంటే మార్చక్కర్లేదు, ఆట ఎక్కువైతే వదలకూడదు.

వారంటీలో సాధారణంగా రాదు, అరిగే వస్తువుల కింద రాసేస్తారు. మరీ తక్కువ కిలోమీటర్లకి పోతే అడగండి, ఆయిల్ సీల్ లీకై నూనె ప్లేట్ మీద పడి జారుతుంటే గట్టిగా అడగండి, అది అరుగుదల కాదు.

సిరామిక్ క్లచ్ వేయిస్తే జీవితాంతం వస్తుందట కదా?

సిటీలో తిరిగే కారుకి వద్దు. వేడిని తట్టుకుంటుంది, నిజమే, కానీ మధ్యస్థంగా పట్టుకోవడం దానికి రాదు. పట్టుకుంటే పూర్తిగా, లేకపోతే లేదు. ట్రాఫిక్‌లో ప్రతి కదలికకీ కారు గెంతుతుంది, ఫ్లైవీల్‌నీ త్వరగా తింటుంది. రీమ్యాప్ కారుకైతే ఆర్గానిక్ ప్లేట్‌తోనే బిగువు ఎక్కువున్న ప్రెషర్ ప్లేట్ దొరుకుతుందేమో ముందు చూడండి. స్టేజ్ 1, స్టేజ్ 2 అని రాసుకునే పేర్లకి కొలత లేదు, ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీకి స్టేజ్ 1. ఎన్ని న్యూటన్ మీటర్లు పడుతుందో అడగండి.

కొత్త క్లచ్ వేయించాక వెంటనే తొక్కొచ్చా?

800 కిలోమీటర్ల దాకా ఆగండి. అదీ హైవే కిలోమీటర్లు కాదు, ఊళ్లో ఆగుతూ కదులుతూ తిరిగినవి, ప్లేట్ ముఖం ఫ్లైవీల్‌కి అచ్చుగుద్దినట్టు కుదరాలంటే తేలికపాటి జారుళ్లే కావాలి.

పాత ప్లేట్ వాళ్లకే వదిలేయాలా?

అడిగి తెచ్చుకోండి, మీ డ్రైవింగ్ అంతా దాని మీద రాసి ఉంటుంది. బావ ప్లేట్ నా టేబుల్ మీదే ఉంది. ఫేసింగ్‌లోకి దిగి ఉండాల్సిన రివెట్ తలలు పైకి తేలి అద్దంలా మెరుస్తున్నాయి. రివెట్ లోతు 0.3 మిల్లీమీటర్లు మిగిలితే మార్చేయమని చాలా సర్వీస్ మాన్యువల్స్ చెప్తాయి, ఇక్కడ వేలి గోటికి లోతే తగలడం లేదు. మీద సన్నటి గీతలు, ఫేసింగ్ రంగు మారి నల్లగా నున్నగా, పలకకి మసి పూసినట్టుంది. ప్రెషర్ ప్లేట్ మీద వేలెడు వెడల్పున నీలం మచ్చలు వరసగా ఉన్నాయి, ఇనుము బాగా వేడెక్కితేనే ఆ రంగు వస్తుంది. మధ్యలో స్ప్రింగులు మాత్రం చెక్కుచెదరలేదు, ఒక్కటి కూడా వదులు కాలేదు. గట్టిగా తొక్కే మనిషైతే ముందు దెబ్బతినేవి అవే. మీ ప్లేట్‌లో ఫేసింగ్ ఇంకా మందంగా ఉండి స్ప్రింగులు ఊగుతుంటే మీ సమస్య లాంచ్‌లు, బావ ప్లేట్‌లా ఉంటే మీ సమస్య వాలు. ఒకవైపే ఎక్కువ అరిగి ఉంటే మీ తప్పు కాకపోవచ్చు, బిగించడంలోనో, బేరింగ్ గైడ్‌లోనో తేడా ఉంది, కొత్తది ఎక్కించకముందే అది చూడమని చెప్పండి.